పండ్లతోటలకు మేలు చేసే నేల శిలీంధ్రాలు

శిలీంధ్రం అనగానే పండ్లతోట రైతుకు గుర్తొచ్చేది తెగులే. మామిడి పూతను మాడ్చే బూడిద తెగులు, అరటిని నిలువునా కూల్చే వడలు తెగులు, పచ్చగా ఉన్న చీనీ చెట్టును చూస్తుండగానే కట్టెగా మార్చే ఎండు వేరుకుళ్లు, అన్నీ శిలీంధ్రాల పనే. అయితే నేలలో ఉండే శిలీంధ్రాల్లో తెగులు తెచ్చేవి కొన్నే. చాలావాటికి ఎండుటాకు, పేడ, చచ్చిన వేరే ఆహారం. మరికొన్ని బతికున్న వేరుతో పొత్తు కలుపుతాయి. ఇంకొన్ని తెగులు శిలీంధ్రాలనే తిని బతుకుతాయి. పండ్ల మొక్కల పెంపకంలో రసాయన ఎరువును, మందును తగ్గించుకోవడానికి పనికొచ్చేవి ఈ చివరి రెండు రకాలు. వాటిలో మొదటి రకాన్ని మైకోరైజా అంటారు. మన వ్యవసాయ శాఖ వాడుకలో, ఎరువుల దుకాణాల్లో దాని పాత పేరు ‘వామ్’. రెండో రకంలో అందరికీ తెలిసినది ట్రైకోడెర్మా. రెండింటినీ ఒకే అరలో పెట్టి అమ్ముతారు కాబట్టి ఒకే పని చేస్తాయనుకునేవారు ఎక్కువ. నిజానికి వాటి బతుకులు వేరు, వాడాల్సిన తీరు కూడా వేరు.

కుంగిపోయిన నారుమళ్లు

మైకోరైజా లేకపోతే ఏమవుతుందో శాస్త్రవేత్తలకు చూపించినవి అమెరికాలోని సిట్రస్ నర్సరీలు. కాలిఫోర్నియా, ఫ్లోరిడాల్లో నారింజ, నిమ్మ జాతుల నారు పోసే ముందు నేలలోకి మిథైల్ బ్రోమైడ్ వంటి విషవాయువును ఎక్కించేవారు. వేరుకుళ్లు కారకాలు, నులిపురుగులు, కలుపు గింజలు అన్నీ ఒక్క దెబ్బతో చచ్చేవి. నేల శుభ్రమైంది, మొక్క మాత్రం ఎదగలేదు. మొలిచిన కొద్ది వారాలకే నారు కుంగిపోయి ఆకులు పాలిపోయేవి. అదే మడిలో అక్కడక్కడ నాలుగైదు మొక్కలు మాత్రం ఏపుగా ఉండేవి. విషం ఇంకా నేలలో మిగిలిందేమోనని కొందరు అనుమానించారు. భాస్వరం ఎరువు ఎక్కువ మోతాదులో వేస్తే నారు కొంత కోలుకునేది. నేలలో భాస్వరం ఉన్నా వేరు ఎందుకు అందుకోలేకపోతోందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

1972లో క్లైన్‌ష్మిట్, గెర్డెమన్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి జవాబిచ్చారు. విషవాయువు తెగులు శిలీంధ్రాలతో పాటు మైకోరైజానూ తుడిచిపెట్టేసింది. ఏపుగా ఉన్న ఆ నాలుగైదు మొక్కల వేర్లలో అది ఎలాగో మిగిలింది. కుంగిన మొక్కలకు దాన్ని తిరిగి అందిస్తే అవీ ఎదిగాయి. నారింజ జాతి వేరుకు నూగు చాలా తక్కువ, ఉన్నదీ పొట్టిది. మట్టిలో తడుముకుని భాస్వరం ఏరుకునే పనిని ఆ చెట్టు శిలీంధ్రానికే వదిలేసిందని చెప్పవచ్చు. మిథైల్ బ్రోమైడ్ ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని తేలాక మాంట్రియల్ ఒప్పందం కింద సంపన్న దేశాలు 2005 నాటికి, మిగతా దేశాలు 2015 నాటికి కొన్ని మినహాయింపులతో దాని వాడకాన్ని నిలిపివేయాల్సి వచ్చింది. అయినా ‘శుభ్రమైన’ మాధ్యమంలో, అంటే శిలీంధ్రం అసలే లేని చోట, మొక్కను పుట్టించే పద్ధతి పోలేదు. ఇప్పుడు కొబ్బరిపొట్టు ట్రేలలో పెరిగే బొప్పాయి నారు, గాజు సీసాలో పుట్టిన టిష్యూ కల్చర్ అరటి పిలక అలాంటివే. ఈ వ్యాసంలో తర్వాత వచ్చే చాలా విషయాలు ఈ ఒక్క సంగతికే ముడిపడి ఉన్నాయి.

పేరు, చరిత్ర

మైకోరైజా అన్న పేరు 1885లో పుట్టింది. గ్రీకులో ‘మైకెస్’ అంటే శిలీంధ్రం, ‘రైజా’ అంటే వేరు. పేరు పెట్టినవాడు జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్. ప్రష్యా ప్రభుత్వం ఆయనకు అప్పగించిన పని వేరొకటి. ఫ్రాన్స్‌లో బంగారం ధర పలికే ట్రఫుల్ అనే భూగర్భ పుట్టగొడుగును తమ అడవుల్లోనూ పండించగలమా అని తేల్చమన్నారు. ట్రఫుల్ సాగు సంగతి అటుంచి, అడవి చెట్ల వేరు కొసలకు శిలీంధ్రం తొడుగులా అంటిపెట్టుకుని ఉండటం ఫ్రాంక్ కంటపడింది. అది రోగం కాదని, చెట్టుకు పాలిచ్చే దాది లాంటిదని ఆయన వాదించాడు. ఆ కాలపు పండితులు చాలామంది నమ్మలేదు.

ఫ్రాంక్ చూసినది వేరు బయట తొడుగు కట్టే రకం. ఓక్, పైన్ వంటి అడవి చెట్లకు అది సహజం. పండ్ల జాతుల్లో హేజెల్, చెస్ట్‌నట్, పెకాన్ వంటి గింజ చెట్లలో కనిపిస్తుంది. మనం తినే పండ్లలో దాదాపు అన్నింటికీ తోడుండేది మరో రకం. అది వేరు కణాల లోపలికి వెళ్లి, అక్కడ గుబురు చెట్టులా సన్నని కొమ్మలు వేస్తుంది. 1905లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త గాలో ఆ కొమ్మల గుబురుకు ‘ఆర్బస్క్యూల్’, అంటే చిన్ని చెట్టు, అని పేరు పెట్టాడు. కంటికి కనబడే తొడుగు లేదు, పుట్టగొడుగు లేదు. వేరును ఉడికించి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెడితే తప్ప ఉందో లేదో తెలియదు. అందువల్లే దాన్ని పట్టించుకోవడానికి ఇంకో అర్ధ శతాబ్దం పట్టింది.

పట్టించుకునేలా చేసిన మనిషి బార్బరా మాసీ. ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో ఈస్ట్ మాలింగ్ అనే పండ్ల పరిశోధన స్థానం ఉంది; ప్రపంచమంతా వాడే ఆపిల్ వేరుమూలాలకు పేరుపడిన చోటు. అక్కడ ఆమె స్ట్రాబెర్రీ వేర్ల దగ్గర ఈ శిలీంధ్రపు బీజాలను గుర్తించి, వాటినే మొక్కలకు తిరిగి అంటించి చూసింది. 1957లో ఆపిల్ మొక్కలపై ఆమె ప్రచురించిన ఫలితాలు శిలీంధ్రం ఉన్న మొక్కకూ లేని మొక్కకూ ఎదుగుదలలో, పోషకాలలో తేడా చూపాయి. ఆ శిలీంధ్రానికి తర్వాత ఆమె పేరే పెట్టారు. నేటి శాస్త్రీయ నామం ఫన్నెలిఫార్మిస్ మోసియే. పండ్లతోట నుంచి పుట్టి మిగతా పంటలకు పాకిన విజ్ఞానం అరుదు, ఇది వాటిలో ఒకటి.

ట్రైకోడెర్మా చరిత్ర కూడా సిట్రస్ నారుమడిలోంచే నడిచింది. ఈ పేరు 1794 నుంచీ ఉన్నా, అది మరో శిలీంధ్రాన్ని చుట్టుకుని చంపి తింటుందని 1932లో రాసినవాడు వైండ్లింగ్ అనే పరిశోధకుడు. తర్వాత ఫాసెట్ అనే మరో పరిశోధకుడితో కలిసి కాలిఫోర్నియాలో సిట్రస్ నారుకుళ్లు మీద దాన్ని ప్రయోగించి, 1936లో ఆ ఫలితాలు ప్రచురించాడు.

వేరూ శిలీంధ్రమూ చేసుకునే బేరం

మొక్కలు నీటిలోంచి నేల మీదకు వచ్చిన తొలి రోజుల్లో వాటికి సరైన వేర్లే లేవు. స్కాట్లండ్‌లోని రైనీ గ్రామం దగ్గర దొరికిన సుమారు 40 కోట్ల ఏళ్లనాటి మొక్కల శిలాజాలలో, నేటి ఆర్బస్క్యూల్ లాంటివే స్పష్టంగా కనిపిస్తాయి. వేరు కంటే ముందే శిలీంధ్రం ఉందన్నమాట. నేటికీ నేల మీది మొక్కల జాతుల్లో నూటికి 70కి పైగా ఈ పొత్తును వదులుకోలేదు. వదులుకున్న కుటుంబాలు కొన్ని: ఆవాలు, క్యాబేజీ, ముల్లంగి ఒకటి, తోటకూర, పాలకూర, బీట్‌రూట్ మరొకటి.

పొత్తు మొదలయ్యేది వేరు పిలుపుతో. భాస్వరం కొరతపడిన వేరు స్ట్రిగోలాక్టోన్లనే పదార్థాలను మట్టిలోకి వదులుతుంది. ఆ వాసన తగలగానే శిలీంధ్రపు దారం గబగబా కొమ్మలు వేసి వేరు వైపు పాకుతుంది. ఈ సంగతిని 2005లో జపాన్ శాస్త్రవేత్త అకియామా బృందం తేల్చింది. చిత్రమేమిటంటే, ఈ పదార్థాలు శాస్త్రానికి 1966 నుంచే తెలుసు, కానీ దొంగల ద్వారా తెలుసు. పొగాకు చేలో వేరు మీద పడి బతికే మల్లె కలుపు జాతి, జొన్న మీద పడే స్ట్రైగా, ఈ పిలుపునే పొంచి విని మొలకెత్తుతాయి. స్నేహితుడిని పిలిస్తే దొంగ కూడా వింటాడు మరి.

లోపలికి వచ్చిన శిలీంధ్రం ఏమిస్తుంది? ప్రధానంగా భాస్వరం. నత్రజని నీటితో పాటు వేరు దగ్గరికి కదిలి వస్తుంది. భాస్వరం అలా రాదు. ఎర్ర నేలల్లో ఇనుమును, అల్యూమినియాన్ని, సున్నం ఎక్కువున్న నల్లరేగడిలో కాల్షియాన్ని పట్టుకుని కదలకుండా కూర్చుంటుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నదాన్ని పీల్చేశాక అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. శిలీంధ్రపు దారాలు ఆ ఖాళీని దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం పోతాయి. వాటి మందం మిల్లీమీటరులో వందో వంతు కంటే తక్కువ కాబట్టి వేరు దూరలేని మట్టి సందుల్లోకీ దూరతాయి. ఇలాగే కదలని జింకు, రాగి కూడా తెచ్చిపెడతాయి. మన సిట్రస్ తోటల్లో ఆకు ఈనెల మధ్య పసుపుబారి చిన్నదైపోయే జింకు లోపం ఎంత మామూలో తెలిసినవారికి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

తీసుకునేది చక్కెర, కొవ్వు. శిలీంధ్రం తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారు చేసుకోలేదనీ, మొక్కే వాటిని అందిస్తుందనీ 2017లో వెలువడిన పరిశోధనలు తేల్చాయి. మొక్క ఆకులో తయారుచేసుకున్న ఆహారంలో నూటికి 4 నుంచి 20 వంతుల దాకా ఇలా కిందికి పోతుందని లెక్క. చిన్న కౌలు కాదు అది! అందుకే భాస్వరం సులువుగా దొరికే నేలలో మొక్క ఈ పొత్తును తగ్గించేస్తుంది: పిలుపు మానేస్తుంది, తలుపు వేసేస్తుంది.

నీటి ఎద్దడిలో మైకోరైజా ఉన్న మొక్క మెరుగ్గా నిలబడటం చాలా ప్రయోగాల్లో కనిపించింది. చైనాలోని యాంగ్జీ విశ్వవిద్యాలయంలో త్రిదళ నారింజపై ఈ విషయమై ఏళ్ల తరబడి పని జరిగింది. దారాలు నీరు మోసుకొస్తాయా, లేక బాగా తిన్న మొక్కే ఎద్దడిని తట్టుకుంటుందా అన్నది ఒక్కో ప్రయోగంలో ఒక్కోలా తేలుతుంది. మట్టి కణాలను దారాలు వలలా చుట్టి గడ్డలుగా కట్టడం మాత్రం స్థిరపడిన విషయం. అలాంటి మట్టి వానకు కొట్టుకుపోదు, తడిని నిలుపుకుంటుంది. 1996లో అమెరికా శాస్త్రవేత్త సారా రైట్ ఈ పనికి ‘గ్లోమాలిన్’ అనే జిగురు మాంసకృత్తి కారణమని ప్రతిపాదించింది. ఆ పేరు ప్రకటనల్లోకి ఎక్కినంత వేగంగా ప్రయోగశాలల్లో నిలబడలేదు. దాన్ని వెలికితీసే పద్ధతిలో మట్టిలోని మరెన్నో పదార్థాలు కూడా వస్తాయని తర్వాత తెలిసింది.

ఏ పండుకు ఎంత

ఈ శిలీంధ్రాలు గుర్తించిన జాతులు మూడు వందల పైచిలుకే. అన్నీ గ్లోమెరోమైకోటా అనే ఒకే సమూహం. కాబట్టి అరటికొకటి, జామకొకటి అని ప్రత్యేకం లేదు; ఒకే జాతి ఎన్నో పంటల వేర్లలో చేరగలదు. తేడా అంతా మొక్క అవసరంలో ఉంటుంది.

సిట్రస్ అందరికంటే ముందుంటుంది. అందులోనూ వేరుమూలాన్ని బట్టి తేడా ఉందని కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో జాన్ మెంజ్ బృందం 1978లో చూపింది. పుల్ల నారింజ శిలీంధ్రం మీద ఎక్కువ ఆధారపడుతుంది, ట్రాయర్ సిట్రేంజ్ తక్కువ. అనంతపురం, కడపల్లో చీనీ అన్నా, నల్లగొండలో బత్తాయి అన్నా పండు ఒకటే. మన దగ్గర దాన్ని ఎక్కువగా జంబేరి లేదా రంగపూర్ నిమ్మ మొక్క మీద అంటు కడతారు. శిలీంధ్రాన్ని ఇవ్వదలిస్తే ఆ వేరుమొక్క గింజ మొలిచిన నాడే ఇవ్వాలి, అంటు కట్టి అమ్మే నాడు కాదు.

అరటిలో పిలకతో నాటినప్పుడు పాత తోట మట్టి, దాంతో పాటు శిలీంధ్రమూ వస్తాయి. వడలు తెగులు, నులిపురుగులు కూడా వస్తాయి. టిష్యూ కల్చర్ మొక్క ఆ చెడును వదిలించుకుంది, మంచినీ వదిలించుకుంది. ప్రయోగశాల నుంచి బయటికొచ్చి పచ్చ నీడవల కింద గట్టిపడే ఐదారు వారాలే మైకోరైజా ఇవ్వడానికి అసలైన అదను. బొప్పాయికీ అంతే. దాని నారు వేగంగా ఎదుగుతుంది కాబట్టి తేడా కూడా త్వరగా కంటపడుతుంది.

ద్రాక్ష, జామ, దానిమ్మ, సపోటా, మామిడి, స్ట్రాబెర్రీ, ఆపిల్, అన్నింటి వేర్లలోనూ ఈ పొత్తు సహజంగా ఉంటుంది. పాత ఆపిల్ తోట తీసేసిన చోట కొత్త ఆపిల్ మొక్క కుంగిపోయే సమస్య ఐరోపాలో, అమెరికాలో పాతది; ముందే శిలీంధ్రం ఎక్కించిన మొక్కలు అక్కడ కొంత మేలుగా ఉంటాయి. మామిడి సంగతి వేరు. ముప్పై ఏళ్ల బంగినపల్లి చెట్టు వేర్లలో శిలీంధ్రం ఎప్పుడో కాపురం పెట్టి ఉంటుంది. దాని పాదులో పొడి చల్లితే కాయ పెరుగుతుందని చెప్పేవారిని నమ్మాల్సిన పని లేదు.

మినహాయింపులు కొన్ని. బ్లూబెర్రీకి పూర్తిగా వేరే రకం శిలీంధ్రాలు కావాలి. మామూలు వామ్ దానికి పనికిరాదు. ఆస్ట్రేలియా మూలమైన మకాడమియా కుటుంబానికి మైకోరైజాతో పనే లేదు. అది గుత్తులు గుత్తులుగా సన్నని వేర్లు వేసి, ఆమ్లాలు కార్చి తన భాస్వరం తానే కరిగించుకుంటుంది.

కావలి శిలీంధ్రం ట్రైకోడెర్మా

మైకోరైజా వేరు లోపలి కాపురస్తురాలైతే ట్రైకోడెర్మా గడప దగ్గర కాపలాదారు. దానికి బతికున్న వేరు తప్పనిసరి కాదు. పేడలో, చివికిన ఆకులో, జొన్న గింజ మీద, ఎక్కడైనా రెండు మూడు రోజుల్లో పచ్చని బూజులా పెరుగుతుంది. వేరుకుళ్లు శిలీంధ్రం ఎదురైతే దాని దారాన్ని చుట్టుకుని, కైటిన్‌ను కరిగించే ఎంజైములతో గోడకు కన్నం వేసి లోపలి సరుకు తాగేస్తుంది. విషపదార్థాలు వదులుతుంది, చోటు ఆక్రమించి ఆకలితో మాడుస్తుంది, మొక్కలోని రోగనిరోధక శక్తిని కూడా తట్టి లేపుతుంది.

తెలుగు నేల మీద దీని అవసరం ఎక్కువ కనిపించేది చీనీ తోటల్లో. ఫ్యూజేరియం వల్ల వచ్చే ఎండు వేరుకుళ్లు, ఫైటోఫ్తోరా వల్ల వచ్చే బంక తెగులు అనంతపురం, కడప తోటలకు పాత శత్రువులు. (ఫైటోఫ్తోరా అసలు శిలీంధ్రమే కాదు, నీటి నాచుల దూరపు బంధువు, పుస్తకాల్లో ఇంకా శిలీంధ్రాల సరసనే కూర్చుంటుంది.) వ్యవసాయ, ఉద్యాన విస్తరణ అధికారులు చెప్పే మామూలు పద్ధతి ఇది: 90 కిలోల చివికిన పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, ఒకటి రెండు కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీడలో కుప్ప పోసి, నీళ్లు చిలకరించి, తడి గోనె కప్పి, వారం పది రోజులు ఉంచాలి. కుప్ప మీద తెల్లగా, తర్వాత పచ్చగా బూజు పట్టిందంటే పని జరిగినట్టే. అప్పుడు పాదుల్లో వేయాలి. పొడిని ఉత్తగా ఎండిన మట్టి మీద చల్లితే ఎండకే చచ్చిపోతుంది. ఇది చాలామంది చేసే పొరపాటు.

అరటిని ప్రపంచమంతటా వణికిస్తున్న పనామా తెగులు (అదే వడలు తెగులు) నాలుగో తెగ ఉత్తర భారతంలో, బీహార్ కటిహార్ ప్రాంతపు తోటల్లో బయటపడ్డాక, లక్నోలోని భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థలు ట్రైకోడెర్మా రీసీతో ‘ఫ్యూసికాంట్’ అనే తయారీని అభివృద్ధి చేశాయి. ఈ తెగులుకు పనిచేసే రసాయన మందు లేదు. కాబట్టి ఇక్కడ శిలీంధ్రానికి పోటీదారు మరో మందు కాదు, తోటను వదిలేసుకోవడమే.

పేరు విషయంలో ఒక తిరకాసు ఉంది. మన దుకాణాల్లో దొరికే సంచుల మీద ట్రైకోడెర్మా విరిడి అనే ఉంటుంది. జన్యు పరీక్షలు వచ్చాక, విరిడి అనుకున్న చాలా రకాలు నిజానికి ఆస్పెరెల్లం అని తేలింది. హర్జియానం అన్న పేరు కిందా ఇలాగే పలు జాతులు దాగి ఉన్నాయి. రైతుకు దీనివల్ల నష్టమేమీ లేదు. జాతి పేరు కంటే ఆ తెగ మంచి చెడ్డలే ముఖ్యం.

మిగతా సహాయకులను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పర్‌ప్యూరియోసిలియం లిలాసినం (పాత పేరు పేసిలోమైసిస్) నులిపురుగుల గుడ్లను తింటుంది. జామ, దానిమ్మ, బొప్పాయి వేర్లకు బుడిపెలు కట్టే చోట వాడుతున్నారు. సెరెండిపిటా ఇండికా మన దేశపు సంతకం ఉన్న శిలీంధ్రం. థార్ ఎడారిలో సర్కారు తుమ్మ, నేల రేగు వేర్ల దగ్గరి మట్టిలో అజిత్ వర్మ బృందానికి దొరికింది. 1998లో పిరిఫార్మోస్పోరా ఇండికా పేరుతో శాస్త్రానికి పరిచయమైంది. మైకోరైజాలా వేరులో చేరుతుంది, కానీ దానిలా మొండికేయకుండా వేరు లేకపోయినా గాజు పళ్లెంలో పెరుగుతుంది.

తయారీ, సరుకు నాణ్యత

ఆ మొండితనమే మైకోరైజా వ్యాపారానికి పెద్ద చిక్కు. బతికున్న వేరు లేనిదే అది వృద్ధి చెందదు. పాత పద్ధతిలో ఇసుక నింపిన తొట్లలో మొక్కజొన్న, జొన్న లేదా గడ్డి పెంచి, మూడు నాలుగు నెలల తర్వాత పైరు కోసేసి, వేరు ముక్కలతో సహా ఆ ఇసుకనే సంచుల్లో నింపుతారు. బరువెక్కువ, ఖర్చు తక్కువ. చిన్న నర్సరీ కూడా చేసుకోగలదు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బాగ్యరాజ్ వంటి శాస్త్రవేత్తలు ఈ దారిలో దశాబ్దాలు పనిచేశారు. 1980ల చివరలో కెనడాలో బెకార్, ఫోర్టిన్ మెరుగుపరిచిన పద్ధతి వేరు. జన్యుపరంగా మార్చిన క్యారెట్ వేరు ముక్కను ఆకూ కాండమూ లేకుండా గాజు పళ్లెంలో పెంచి, దాని మీద శిలీంధ్రాన్ని పెంచుతారు. ఢిల్లీలోని టెరీ సంస్థ మన దేశంలో దీన్ని పరిశ్రమ స్థాయికి తెచ్చింది. ఇలా పెరిగే రైజోఫేగస్ ఇర్రెగ్యులారిస్ అనే ఒక్క జాతే ప్రపంచ మార్కెట్‌ను ఏలుతోంది. అది మన ఎర్ర చల్కా నేలకు అన్నింటికంటే మేలైనదని కాదు, ఫ్యాక్టరీలో పెరగడానికి ఒప్పుకున్నదని.

భారత ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం మైకోరైజా ఎరువులో గ్రాముకు కనీసం 100 సజీవ బీజభాగాలు ఉండాలి. ట్రైకోడెర్మా పురుగుమందుల చట్టం కిందికి వస్తుంది. గ్రాముకు కనీసం 20 లక్షల సజీవ కణాలు ఉండాలి. కాగితం మీద ఇవి మంచి నియమాలే. కానీ వేసవిలో రేకుల గోదాములో ఆరు నెలలు మగ్గిన సంచిలో ఏం మిగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. వివిధ దేశాల్లో వాణిజ్య మైకోరైజా సరుకును కొని పరీక్షించిన స్వతంత్ర పరిశోధకులకు, వేరులోకి చేరడానికి ఒక్క బీజమైనా బతికిలేని సంచులు పదేపదే ఎదురయ్యాయి.

పనిచేయని చోట్లు

శిలీంధ్రాల గురించి రాసే చాలామంది ఇక్కడికి రాగానే గొంతు తగ్గిస్తారు. ఫ్లోరిడాలో సిట్రస్ మీద జీవితమంతా పనిచేసిన జేమ్స్ గ్రాహం, ఐసెన్‌స్టాట్ తదితరులు 1993లో చూపింది ఇది: భాస్వరం బాగా ఉన్న నేలలో మైకోరైజా ఉన్న సిట్రస్ మొక్క, లేని మొక్క కంటే తక్కువ పెరిగింది. ఇచ్చేదేమీ లేకపోయినా శిలీంధ్రం కౌలు వసూలు చేసుకుంది. అదే గ్రాహం 2018లో మేగన్ రయాన్‌తో కలిసి, రైతు తన పొలంలో ఎన్ని మైకోరైజా జాతులున్నాయో చూసుకుని సాగు పద్ధతి మార్చుకోవాలనడానికి ఆధారం అంతంతమాత్రమేనని రాశారు. ఆ వాదన ఎక్కువగా గోధుమ వంటి పైర్లను చూసి చేసింది. శిలీంధ్రం లేకుండా పుట్టిన పండ్ల మొక్కకు అది యథాతథంగా వర్తించదు. అయినా ‘వామ్ వేస్తే ఎరువు సగం మానేయొచ్చు’ అనే ప్రచారానికి అది తగిన జవాబే. ఎరువు సగం మానేయగలిగేది పాత డీఏపీ నేలలో పేరుకుని ఉన్నప్పుడు. ఆ నిల్వ ఉందో లేదో భూసార పరీక్షే చెప్పాలి.

నిల్వ ఉన్న భాస్వరాన్ని వాడుకోవడం చిన్న విషయమేమీ కాదు. ప్రపంచపు రాక్ ఫాస్ఫేట్ నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో, పశ్చిమ సహారాల్లోనే ఉన్నాయి. మన డీఏపీ బస్తాలోని భాస్వరం చాలావరకు ఓడ దిగి వచ్చినదే.

తోటలో

మైకోరైజాను చల్లడం కాదు, వేరుకు తగిలించాలి. నర్సరీ సంచిలో గింజ కిందనో, నాటేటప్పుడు గుంతలో వేరుగడ్డకు ఆనేలానో వేయాలి. వేసిన మొదటి నెలల్లో భాస్వరం ఎరువు తగ్గించాలి. కార్బెండజిమ్ వంటి మందుతో పాదు తడిపితే మైకోరైజా, ట్రైకోడెర్మా రెండూ దెబ్బతింటాయి. బంక తెగులుకు వాడే మెటలాక్సిల్ మాత్రం మైకోరైజాకు పెద్దగా కీడు చేయదు.

ఎదిగిన తోటలో కొనవలసినదేమీ లేదు, ఉన్నదాన్ని చంపకపోతే చాలు. సాళ్ల మధ్య పదేపదే దున్నితే శిలీంధ్రపు వల తెగుతుంది. ఏడాదిలో ఎనిమిది నెలలు నేలను బోడిగా ఉంచితే దానికి తిండి దొరకదు. సాళ్ల మధ్య జనుము, అలసంద, పిల్లిపెసర వంటివి ఉంటే బతికున్న వేరు నేలలో ఎప్పుడూ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయంలో వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను ఏడాది పొడవునా పచ్చగా ఉంచమంటారు. ఆ సలహా జీవామృతం చుట్టూ జరిగే వాదోపవాదాల మరుగున పడిపోతుంది గానీ, మైకోరైజా దృష్టితో చూస్తే ఆ మొత్తం పద్ధతిలో అన్నింటికంటే గట్టి భాగం అదే. అంతరపంటగా ఆవాలో, తోటకూరో ఒక్కటే వేస్తే మాత్రం శిలీంధ్రానికి ఆ కాలమంతా పస్తే.

కొన్న సరుకు పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. 1998లో ఫియర్‌హైలిగ్ బృందం ప్రచురించిన పద్ధతికి కావలసింది పెన్నులో పోసే నల్ల సిరా, వంటింటి వెనిగర్. పీచు వేర్లను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉడికించి కడిగి, 5 శాతం సిరా కలిపిన వెనిగర్‌లో మూడు నిమిషాలు మరిగిస్తే శిలీంధ్రం రంగు పట్టి సూక్ష్మదర్శిని కింద కనిపిస్తుంది. దగ్గరలో డిగ్రీ కాలేజీ ఉన్న నర్సరీ యజమానులు నారు అమ్మే ముందు గుప్పెడు వేర్లు వృక్షశాస్త్ర విభాగానికి పంపి చూడవచ్చు.